సతీదానశూరము - హాస్యస్థానము

తంజావూరి మరాఠా ప్రభువులలో శాహజీ (1684-1712) తెలుగున రచించిన యక్షగానములలో 'సతీదానశూరము' విలక్షణమైనది. ప్రభువు మాతృభాష మరాఠీ; కృతి తెలుగు; కథాస్థలము తమిళదేశమందలి మన్నారుగుడి. ఆ దేశమున తెలుగు ఇంటిభాషగానే గాక రంగస్థల భాషగను వెలసినదనుటకు ఇది తార్కాణము. ఇతివృత్తము మాత్రమే చూచువారికి ఇందలి హాస్యము మోటుగా తోచవచ్చును. లక్షణదృష్టితో పరిశీలించిన ఆ అభిప్రాయము నిలువదు.

మోరోభట్లను బ్రాహ్మణుడు శిష్యసమేతుడై ఉత్సవమునకు వచ్చి, సమాజము అస్పృశ్యమని యెంచిన కులమునకు చెందిన యొక వివాహితను చూచి మోహించును. శిష్యుడు వారించును, ఆమెయు వారించును, అతడు వినడు. తుదకామె భర్త తన భార్యనే దానమిచ్చుటకు సిద్ధపడును. కృతినామమునకు మూలమిదియే.

హాస్యము శృంగారమునుండి పుట్టునని భరతుని మతము. అనౌచిత్యమే హాస్యమునకు మూలమని అభినవగుప్తుడు దానిని విస్తరించెను. తగనిచోట పొడమిన రతి రసము గాక రసాభాసమగును. ఆ ఆభాసమే ప్రేక్షకునకు నవ్వు. మోరోభట్లు తాను నవ్వడు. అతని విరహము అతనికి సత్యము. అతడెంత గంభీరముగా వగచునో సభ అంతగా నవ్వును. వికృతవేషము, వికృతభాష మొదలగు బాహ్యవిభావముల కంటె ఈ హాస్యము లోతైనది.

రెండవ సాధనము స్థానవిపర్యయము. ధర్మము చెప్పవలసిన గురువు దానిని మరచును. నేర్వవలసిన శిష్యుడు బోధించును. ఆ స్త్రీ తన కులాచారములను, ఆహారమును చెప్పి దూరముండుమనగా, అతడా మాటలనే తన వాదమునకు ఆధారముగా త్రిప్పుకొనును. శాస్త్రచర్చా పద్ధతి చెడలేదు, చెడినది ప్రయోజనము. పాండిత్యము కామమునకు సేవకుడైనచో ఎట్లుండునో ఇంతకంటె స్పష్టముగా చూపుట కష్టము.

విప్రపాత్ర పరిహాసాస్పదమగుటచే ఇది శుద్ధప్రహసనమునకు చేరువ. కాని దరువులతో నడచు యక్షగానమగుటచే దశరూపకముల చట్రమున పూర్తిగా ఇమడదు. లక్షణము కృతిని తెలిసికొనుటకు సాధనమే గాని, కృతిని కుదించుటకు కాదు.

ఇక విచారింపదగినది నవ్వు ఎవరిపై పడుచున్నదను విషయము. హీనులని సమాజమెంచిన దంపతులపై గాక, గురుపీఠముపైననే అది పడుచున్నది. దాతృత్వమున శూరుడను బిరుదము కూడ ఆ భర్తకే దక్కినది. ఇది కృతికి గౌరవము. అయినను దానవస్తువైనది స్త్రీ. వర్ణాహంకారమును నవ్వులపాలు చేసిన కృతియే, భార్యను ఈయదగిన సొత్తుగా నెంచు భావమును ప్రశ్నింపక దాటినది. ఈ రెంటిని కలిపి చెప్పినపుడే విమర్శ సమగ్రమగును. ఒకదానిని దాచి రెండవదానిని పొగడుట ఈ వారసత్వమునకు మేలు చేయదు.