మస్కి కొండలు – ఛాయాచిత్రకారుని దృష్టి

మస్కి కొండలను చిత్రించు ఔత్సాహికులకు ఒక అలవాటు గలదు. విద్యుత్ స్తంభమును, వరిమడిని, గొఱ్ఱెల కాపరిని చట్రమునకు వెలుపల నుంచి, మిగిలిన రాతిని, ఆకాశమును ప్రకృతి యందురు. ఆ బండల సొగసు కాదనరానిది. మిట్టమధ్యాహ్నమున చదునుగా తోచు రాయి, ప్రొద్దు వాలి ఏటవాలు వెలుగు సోకగానే తన గరుకుదనమంతయు బయటపెట్టును. ఆ క్షణమునకై గంటలకొలది కాచుకొనుటలోనే ఔత్సాహికుని ఆనందమున్నది. జీతమునకు తీయువానికి ఆ తీరిక యెక్కడిది?

కాని ఈ నేల నిర్మానుష్యమైనదా? 1915లో గని ఇంజనీరు బీడన్ ఇచట కనుగొన్న శాసనమువలననే, 'దేవానాంప్రియుడు' అశోకుడేయని తొలిసారి రూఢియైనది. రాతిమీదనే మనుష్యుని వ్రాత యున్నది! 1953లో తుంగభద్ర నీరు విడుదలైన పిదప, సింధనూరు వైపున ఆంధ్ర రైతులు వచ్చి 'క్యాంపు'లు కట్టుకొనిరి, మెట్టచేలు వరిమళ్లయ్యెను. ఆ పచ్చదనమును కత్తిరించిన చిత్రము అందమైనదే గాని, ఈ సీమది కాదు. పైగా నేటి సెల్‌ఫోను సంజకెంపును తానే చిక్కబరచి, రేగడి నలుపును మార్చివేయుచున్నది.

ముందు వరిమడియు, వెనుక కొండయు గల చిత్రమే నాకు ప్రియము. నడుమ స్తంభము అడ్డువచ్చినచో రానిండు.