‘మా భూమి’: కల్పన, సాక్ష్యం

1974 నాటి బెంగాల్ క్షామంపై గౌతమ్ ఘోష్ తీసిన డాక్యుమెంటరీ ‘హంగ్రీ ఆటమ్’. అందులో ఆకలిగొన్న మనిషే సాక్షి. కెమెరా అతని ఎదుట నిలిచింది గనుక నమ్ముతాము. ఆయనే 1979లో బి. నర్సింగరావు నిర్మాణంలో తెలుగులో తీసిన ‘మా భూమి’కి ఆ వెసులుబాటు లేదు, 1946–51 నాటి తెలంగాణా రైతాంగ పోరాటం అప్పటికే గతం. అయితే గడీ లోపలికి డాక్యుమెంటరీకి ప్రవేశమెక్కడిది? చంద్రి దొరకు లొంగక తప్పని స్థితి, అది తెలిసి రామయ్య ఊరు విడవడం ఏ దస్తావేజుకూ ఎక్కేవి కావు. వాటిని చూపగలిగినది కల్పనయే. అంతమాత్రాన ఆ దృశ్యాలను 1940ల నాటి సాక్ష్యంగా ఉదహరించడం చరిత్ర విద్యార్థికి తగదు. అవి చెప్పేది 1979 నాటి జ్ఞాపకాన్ని. గద్దర్ తెరపై పాడిన బండి యాదగిరి పాట మాత్రం అచ్చంగా ఆ పోరాటకాలపుదే.