చిత్రశాలలో వంటపాత్రలు

కళకు దేవతలును, రాజులును, ప్రకృతిశోభయు మాత్రమే తగిన వస్తువులని మనలో పలువురు ఇంకను తలచుచున్నారు. అంట్లగిన్నెలో కళ యేమున్నదని వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు చిత్రశాలలు ఎన్నడో జవాబు చెప్పినవి. గిన్నెలును, పళ్ళెములును దేశదేశముల ప్రదర్శనములకెక్కి, గొప్ప వెలలకు అమ్ముడుపోవుచున్నవి. కావున గిన్నె కళకు తగునా యను చర్చ మాకు అక్కరలేదు. గిన్నెను లోనికి పిలిచిన కళ, ఆ గిన్నెను తోమిన చేతిని గూడ పిలిచినదా, లేక గుమ్మము బయటనే నిలిపినదా యనునదే మేము విచారింపదలచిన విషయము.

మన దేశమున ఈ సందర్భమున ముందుగా చెప్పదగినవాడు సుబోధ్ గుప్తా. 1964లో బీహారులోని ఖగౌల్‌లో జన్మించిన ఈ శిల్పి రాతికిని, కంచునకును బదులుగా స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలను స్వీకరించెను. 2006లో ఆయన నిర్మించిన ‘వెరీ హంగ్రీ గాడ్’, అనగా మిక్కిలి ఆకలిగొన్న దేవుడు, ఇట్టి పాత్రలతో కూర్చిన పెద్ద పుర్రె. దూరమునుండి చూచువారికి అది పుర్రె. దగ్గరకు పోయినవారికి తమ యింటి చెంబే కానవచ్చును. 2008 నాటి ‘లైన్ ఆఫ్ కంట్రోల్’ సుమారు 10 మీటర్ల ఎత్తున, అణుబాంబు ప్రేలినప్పుడు లేచు పుట్టగొడుగువంటి మేఘముగా నిలిచినది. అన్నము పెట్టు వస్తువు ఇచట చావునకు ఆకారమైనది. ఆయుధములకు పోయిన ధనము ఏ వంటింటినుండి పోయినదో ఈ శిల్పము ఒక్క చూపులో తెలుపును. ఇంతటి భావమును ఇంత యెరిగిన వస్తువుతో చెప్పుట సామాన్యప్రజ్ఞ కాదు.

అయినను మాకొక కొరత తోచుచున్నది. ఈ పాత్రలు అంగడి మెరుపుతోనే మెరయుచున్నవి. మన యింటి స్టీలు గిన్నె అట్లుండదు. ఇత్తడి పాత్రలకు కళాయి పూయించుకొని, చింతపండుతో తోమి తోమి అలసిన తరమువారికి స్టీలు రాక గొప్ప ఉపశమనము. పాత చీరలు కూడబెట్టి, వీధిలో వచ్చిన వర్తకునికిచ్చి, ఒక్కొక్క గిన్నెగా సామాను సంపాదించిన గృహిణు లెందరో! పెండ్లికి వచ్చిన పాత్రపై ఇచ్చినవారి పేరును, తేదీయు చెక్కియుండును. ఏండ్ల తరబడి దానిని తోమిన యామె పేరు మాత్రము దానిపై నుండదు. అడుగున మాడిన మచ్చ, అంచున సొట్ట, పీచు గీచిన సన్నని గీతలు, ఇవియే ఆమె సంతకము. నిగనిగలాడు క్రొత్త పాత్రలలో మనకు ఆ సంతకము దొరకదు.

ఈ శిల్పియే తరువాత చేసిన కృతులలో నీ కొరత కొంత తీరినది. 2011–13 నడుమ రూపొందిన ‘దిస్ ఈజ్ నాట్ ఎ ఫౌంటెన్’లో వాడి వదలిన అల్యూమినియం పాత్రలు గుట్టగా పడియుండ, కుళాయిల నీరు పారుచుండును. ఆ సొట్టలలో ఎన్నో యిండ్ల పొయ్యిలు కానవచ్చును. పుర్రెకున్నంత ప్రసిద్ధి దీనికి లేకున్నను, మా దృష్టిలో నిదియే మేలైన కృతి.

పేరుల ప్రసంగము వచ్చినది గనుక అమెరికా కళాకారిణి జూడీ షికాగో రూపొందించిన ‘ది డిన్నర్ పార్టీ’ని స్మరింపక తప్పదు. 1974 మొదలు 1979 వరకు అనేకుల సహాయముతో ఆమె దీనిని సిద్ధపరచెను. ఒక్కొక్క వైపు 48 అడుగులుండు త్రికోణపు బల్లపై 39 మందికి వడ్డనస్థానములు, ఒక్కొక్కటి ఒక్కొక్క స్త్రీ గౌరవార్థము. క్రింది నేలపై మరి 999 పేర్లు. పింగాణీపై చిత్రించుట, గుడ్డపై కుట్టుపని మొదలగునవి ఆడువారి కాలక్షేపములని త్రోసివేయబడిన విద్యలు. వానినే ఆమె సాధనములుగా గ్రహించెను. తరతరములుగా వడ్డించినవారిని పంక్తిలో కూర్చుండబెట్టిన ఈ కృతి 2007 నుండి బ్రూక్లిన్ మ్యూజియమున స్థిరముగా నున్నది. కాని ఆ పంక్తికిని పంక్తిభేదము తప్పలేదు. అమెరికా నల్లజాతి స్త్రీలలో సోజర్నర్ ట్రూత్ ఒక్కతెకే బల్లకడ చోటు దొరకెను. ఆమె పళ్ళెమును తక్కినవానికంటె వేరుగా చిత్రించిన తీరును రచయిత్రి ఆలిస్ వాకర్ విమర్శించెను.

పంక్తిభేదమును గూర్చి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసిన పిమ్మటను మన పల్లెల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి సాగినది. పట్టణములలో చదువుకొన్నవారి యిండ్లను సైతము పనిమనిషికి కాఫీ పోయు గ్లాసు వేరుగా బోర్లించియుండుట మేమెరుగుదుము. అదియు అదే స్టీలు. అదే అంగడిలో కొన్నది. దానిని వేరుచేసినది లోహము కాదు, మన బుద్ధి. వంటింటి సామానును కుప్పవోసి శిల్పమని చూపువానిని, ‘అయ్యా, ఆ వేరు గ్లాసు ఇందెక్కడ?’ అని అడుగు హక్కు చూపరులకు కలదు. ఆ ప్రశ్నకు నిలువగల శిల్పమే వంటింటి శిల్పము. తక్కినది సామాను అలంకారము.

ప్యారిస్, న్యూయార్కులకు పోలేని చదువరులు చింతింప బనిలేదు. నేటి రాత్రి భోజనములైన పిదప తమ యింటి అంట్లకుప్పను చూతురుగాక. ఎవరు ముందు తినిరి, ఎవరు మిగిలినదానితో సరిపెట్టుకొనిరి, ఎవరు తోమ కూర్చుండిరి యను సంగతులన్నియు అందే యున్నవి. తన కంచమును తాను కడుగుకొను పురుషునికిని, వేరు గ్లాసును తక్కిన గ్లాసులలో కలిపిన యిల్లాలికిని ఈ శిల్పములు మా వ్యాఖ్యానము లేకయే బోధపడునని మా నమ్మకము.