ఉఱుమును ఉత్తరుఁడును

ఉఱిమినంతనే మన యిండ్లలోఁ బిల్లలచే నర్జునుని పది నామములు చెప్పింతురు. ఆ నామములు విరాటపర్వమున నెట్టి ఘట్టమున వచ్చెనో చూడుఁడు. కౌరవసేనను గాంచి వెఱచి పాఱిన యుత్తరుఁడు, నీ వర్జునుఁడవేని యా నామములకుఁ గారణములు చెప్పు మనెను. పోరు ముంగిట నుండఁగా నర్జునుఁడు విసువక, తాను ధనంజయుఁ డేల యయ్యెనో, ఇంద్రుఁ డొసఁగిన కిరీటముచేఁ గిరీటి యెట్లయ్యెనో వివరించెను. తిక్కన కథనమున నాకు మిక్కిలి నచ్చిన దిదియే. పిఱికివాని ప్రశ్నకుఁ గూడ మర్యాద దక్కినది. మనమో, నామములను నిలుపుకొని ప్రశ్నను విడిచితిమి. మెఱుపు వెనుక నుఱు మేల యని యడిగిన బిడ్డను ఊరకుండు మందుము. శబ్దము కిలోమీటరు దూరము వచ్చుటకు సుమారు 3 సెకనులు పట్టుననియు, ఉఱుము వినవచ్చినచోఁ జెట్టును నమ్మక యింటఁ జేరవలెననియుఁ జెప్పుట కెంతసేపు? మొన్న నొక బాలిక గడప లోపల నిలిచి, మెఱుపు మొదలు లెక్కించుచు, ఉఱు మింకను రాలేదని విసుగుకొన్నది.