పంచాయతీ ఎన్నికలలో విద్యార్హత: రాజబాల తీర్పుపై ఒక విమర్శ

పంచాయతీ ఎన్నికలలో పోటీకి అనర్హులెవరో నిర్ణయించు అధికారమును రాజ్యాంగము 243-ఎఫ్ అధికరణమున రాష్ట్ర శాసనసభలకు ఒసగినది. ఆ అధికారమునకు ఎల్ల యేది అను ప్రశ్న 'రాజబాల – హర్యానా రాష్ట్రము' వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము ముందునకు వచ్చినది.

2015లో హర్యానా శాసనసభ పంచాయతీరాజ్ చట్టమును సవరించి, అభ్యర్థులు పదవ తరగతి ఉత్తీర్ణులై యుండవలెనని విధించినది. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల వారికిని ఎనిమిదవ తరగతి. పంచ్ పదవికి నిలుచు షెడ్యూల్డు కులముల స్త్రీలకు ఐదవ తరగతి. ఆ సంవత్సరము డిసెంబరు 10న న్యాయమూర్తులు జాస్తి చలమేశ్వర్, అభయ్ మనోహర్ సప్రేల ధర్మాసనము ఈ చట్టమును సమర్థించినది.

పోటీ చేయుట రాజ్యాంగదత్తమైన హక్కని తీర్పు అంగీకరించినది. ఇది మెచ్చదగిన మాట. కాని మంచిచెడ్డల విచక్షణ విద్యవలననే కలుగునని చెప్పి, ఆ హక్కును ఎందరికో దూరము చేసినది. అక్షరములు నేర్పి జీవించు నాబోటి ఉపాధ్యాయునకు ఈ వాక్యము సంతోషము కలిగింపవలసినది, కలిగింపలేదు. పదునాలుగేండ్ల లోపు బాలబాలికలకెల్ల పదేండ్లలో ఉచిత నిర్బంధ విద్య కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగము 1950లోనే ప్రభుత్వములను ఆదేశించినది. ఆ గడువు దాటి అర్ధశతాబ్దమైన పిమ్మట, బడి చూడని స్త్రీని అనర్హురాలనుట ఋణగ్రస్తుడే ఋణదాతను దండించుట వంటిది. ఓటు వేయుటకు ఆమె విచక్షణ చాలునట, నిలుచుటకు చాలదట! ఈ చట్టమును చేసిన శాసనసభ్యులకు మాత్రము ఏ విద్యార్హతయు అక్కరలేదు.

ఇది హర్యానా వారి గొడవ యని మనము ఊరకుండరాదు. ఒడిశా గ్రామపంచాయతీల చట్టము (1964) సర్పంచి పదవికి ఒడియా చదువను వ్రాయను వచ్చి యుండవలెనని విధించినది. ఉన్నచోటి భాషను నేర్చుట మన ధర్మమే. అందు వివాదము లేదు. కాని అక్షరమును అర్హతగా జేయు అధికారమునకు ఎల్ల లేదన్నచో, ఏ లిపి అక్షరమను ప్రశ్నయు శాసనసభ యిచ్ఛకే విడిచినట్లగును. తెలుగుబడిలో మాత్రమే చదివిన సరిహద్దు పల్లెవాడు అప్పుడు నిరక్షరాస్యులలో లెక్కకు వచ్చును.

రాజస్థానము 2014లో ఇట్టి నిబంధననే తెచ్చి, 2019లో తానే తొలగించినది. శాసనసభలు తమ పొరపాటును దిద్దుకొనగలవనుటకు ఇది నిదర్శనము. అయినను దిద్దుబాటు వారి దయ కారాదు. సంఖ్యాబలము లేనివారికి శాసనసభలో పలుకుబడి తక్కువ. వారికి న్యాయస్థానమే దిక్కు. ఆ దిక్కు ఎల్లలు గీయ వెనుదీసినదనుటయే ఈ తీర్పుపై నా ఆక్షేపణ.