పాతిక నిమిషాల సంసారం

ఆకాశంలో తిరిగే ఓడలూ, మొనదేలిన చెవుల మనుషులూ, వీటిని చూస్తూ కూర్చునే వయసా నీది అని మావారు ఎన్నిసార్లు విసుక్కున్నా నా పిచ్చి వదల్లేదు. ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ టీవీ సీరియల్‌కి నేను వీరాభిమానిని. చదివింది బి.ఏ. నక్షత్రం ఎందుకు పేలుతుందని మా అబ్బాయి అడిగితే వాళ్ళ నాన్న వైపు చూపిస్తాను. అయినా రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఒక భాగం చూడందే నాకు నిద్రపట్టదు.

ఆ సీరియల్లో ‘ది నెక్స్ట్ జనరేషన్’ అని రెండో తరం ఒకటుంది. 1987 నుంచి 1994 దాకా నడిచింది. అందులో 1992 జూన్‌లో వచ్చిన ‘ది ఇన్నర్ లైట్’ అనే భాగాన్ని మొన్న శనివారం రాత్రి మూడోసారి చూశాను. మూడోసారీ ఏడ్చాను. మావారు లేచి లైటు వేసి, “ఎవరు పోయారు?” అన్నారు కంగారుగా. “ఎలీన్” అన్నాను. “ఎవరావిడ?” అన్నారు. ఆ వేళప్పుడు ఏం చెప్పను? మీకు చెబుతాను.

కెప్టెన్ పికార్డ్ ‘ఎంటర్‌ప్రైజ్’ అనే ఓడకి అధిపతి. పెళ్ళి లేదు. పిల్లలంటే ఇబ్బంది. ఉద్యోగమే సంసారం అనుకునే రకం. మన బంధువుల్లోనూ ఇలాంటి పెద్దమనుషులు ఒకరిద్దరుంటారు. దారిలో ఒక చిన్న యంత్రం ఎదురై, దాన్నుంచి ఒక కిరణం వచ్చి తగలగానే ఆయన కుప్పకూలిపోతాడు. కళ్ళు తెరిచేసరికి కటాన్ అనే లోకంలో, ఒక పల్లెటూళ్ళో ఉంటాడు. పక్కన ఒకామె. జ్వరం తగ్గినట్టుందే అని సంతోషపడుతుంది. తాను నీ భార్యనంటుంది. నీ పేరు కామిన్, నీ వృత్తి ఇనుము నేయడం అంటుంది. ఇనుముని ఎలా నేస్తారో సీరియల్ వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగను.

ఇదంతా కంప్యూటర్ ఆడిస్తున్న బొమ్మలాట అనుకుని, ఆపెయ్యమని ఆజ్ఞాపిస్తాడు పాపం. ఏదీ ఆగదు. ఐదేళ్ళు గడిచిపోతాయి. అప్పటికీ ఆ ఓడ కబుర్లే చెబుతూ, దుర్భిణిలోంచి నక్షత్రాలు వెతుక్కుంటూ ఉంటాడు. చివరికి ఎలీన్ అడిగేస్తుంది: నువ్వు చెప్పే ఆ కథలన్నిటిలో నిన్ను నా అంతగా ప్రేమించిన మనిషి ఒక్కరైనా ఉన్నారా అని. ఆయన దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఒకటి కట్టాలనుకుంటున్నానంటాడు. ఏమిటంటే, పిల్లల గది అంటాడు. ఆ ఒక్క మాటతో సంసారి అయిపోయాడు మనిషి. నేనైతే దీనికి రెండు ప్రకరణాలు ఖర్చుపెట్టేదాన్ని.

కూతురు మెరిబోర్ తండ్రిలాగే మట్టిని పరీక్షలు చేస్తుంది. కొడుకు బటాయ్ చదువు మానేసి సంగీతం పట్టుకుంటానంటాడు. ఏ లోకమైనా తండ్రుల తలనొప్పి ఒకటే. ఆ కొడుకు వేషం వేసింది పికార్డ్ పాత్రధారి పాట్రిక్ స్టూవర్ట్ సొంత కొడుకేనని తెలిశాక, ఇద్దరూ మాట్లాడుకునే చోట తండ్రి కళ్ళనే చూస్తూ కూర్చుంటున్నాను. వానలు రావు. మట్టి చచ్చిపోతోంది. వాళ్ళ సూర్యుడు పేలబోతున్నాడు. ఆ సంగతి పాలకులకి ముందే తెలుసు. మనుషుల్ని మరో చోటికి చేర్చేంత విద్య వాళ్ళకి లేదు. చిన్న రాకెట్టు ఒకటి పంపగలరు, అంతే.

ఎలీన్ ముసలిదై మంచాన పడుతుంది. పోతూ పోతూ ఆవిడ మొగుడికి చెప్పే మాట, జోళ్ళు తీసి సరైన చోట పెట్టమని. ఇన్నేళ్ళూ సణిగిందే మళ్ళీ. నేను ఏడ్చింది ఇక్కడే.

తరవాత ముసలి కామిన్‌ని రాకెట్టు ఎగరడం చూడ్డానికి కూతురు తీసుకువెళుతుంది. పోయిన ఎలీన్ అక్కడ పడుచుదై ఎదురొస్తుంది. తమ బతుకు ఎలా ఉండేదో లోకానికి చెప్పడానికి ఒక మనిషి కావాలనీ, ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్ళేదే ఆ రాకెట్టనీ, దొరికినవాడు తానేననీ అప్పుడు తెలుస్తుంది ఆయనకి. ఓడలో కళ్ళు తెరుస్తాడు. గడిచింది పాతిక నిమిషాలు. ఆ లోకం మాడిపోయి వెయ్యేళ్ళయింది. యంత్రంలో దొరికిందని ఒక పెట్టె తెచ్చి ఇస్తారు. అందులో, ఆ ఊళ్ళో తాను నేర్చుకున్న పిల్లనగ్రోవి. మన వేణువులా అడ్డంగా కాకుండా నిలువుగా పట్టుకుని ఊదేది. దాన్ని గుండెకి హత్తుకుంటాడు. కిటికీ దగ్గర నిలబడి వాయిస్తాడు. అక్కడితో సరి, ఒక్క మాట కూడా లేదు.

ఇది మనకి కొత్త కథా అంటారు మీరు. నిజమే. యోగవాసిష్ఠంలో లవణ మహారాజు కొలువులో కూర్చున్నచోటే ఇంకో బతుకంతా బతికి వచ్చాడు. కాకినాడ పక్కన సర్పవరం భావనారాయణస్వామి గుడికి వెళ్ళినవాళ్ళకి నారదగుండం సంగతి తెలుసు. నన్ను మాయ ఏం చేస్తుందని విర్రవీగిన నారదుడు అందులో మునిగి ఆడదై లేచాడు. పిఠాపురం రాజుని పెళ్ళాడి పిల్లల్ని కన్నాడు. యుద్ధంలో మొగుడూ పిల్లలూ అందరూ పోయారు. ఏడుస్తున్న ఆ తల్లి దగ్గరికి విష్ణువు ముసలి బ్రాహ్మడై వచ్చి, ఎడమచెయ్యి తడవకుండా మళ్ళీ మునగమన్నాడు. నారదుడు నారదుడై లేచాడు గానీ, తడవని చెయ్యి గాజులతో అలాగే మిగిలిపోయింది. మా నాన్నమ్మ ఇక్కడ కథ ఆపి, తన గాజుల చెయ్యి పైకెత్తి చూపించేది. ఆ తరవాత దాన్ని కూడా ముంచమంటాడు స్వామి. గాజులు పోతాయి. నారదుడు నారాయణ అనుకుంటూ తన దారిన తాను వెళ్ళిపోతాడు.

చిన్నప్పుడు పకపకా నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ పోయిన పిల్లల కోసం ఇంక ఎవరు ఏడవాలి? మాయ అనేసి చేతులు కడిగేసుకుంది కథ. ‘ది ఇన్నర్ లైట్’ రాసినవాళ్ళు ఆ గాజుల చేతిని ముంచలేదు. పికార్డ్ చేతిలో పిల్లనగ్రోవిని అలాగే ఉండనిచ్చారు. జరిగింది కల అయినా, పెళ్ళాం పోయిన దుఃఖం నీదే, ఉంచుకో అన్నారు. నాకు ఈ భాగం మీద ఉన్న ప్రేమంతా దీని మూలానే.

ఇంకో స్వార్థం కూడా ఉంది, ఒప్పుకుంటాను. ఒక సభలో ఒక విమర్శకుడుగారు నా నవలని ‘వంటింటి సాహిత్యం’ అన్నారు. ఆ మాట కొత్తదేం కాదు. 1970లలో నా ముందు తరం రచయిత్రులు విని విని ఉన్నదే. అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆరు నెలలు కలం ముట్టుకోలేదు. మరి కటాన్ వాళ్ళు చేసిన పని చూడండి. లోకం మొత్తం పోతోంది. పంపగలిగింది ఒక్క చిన్న రాకెట్టు. వాళ్ళ రాజుల పేర్లు పంపచ్చు, శాస్త్రాలు పంపచ్చు. జ్వరం తగ్గిందా అని చూసే భార్య, పిల్లల గది, మొండి కొడుకు, ఎక్కడపడితే అక్కడ వదిలేసిన జోళ్ళు, ఇవి పంపారు. మేం బతికాం అనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం వాళ్ళకి దొరకలేదు కాబోలు. ఆ విమర్శకుడుగారిని కూర్చోబెట్టి ఈ భాగం చూపించాలని నాకు మహా కోరిక.

అభిమానిని కదా అని లోపాలు దాచను. ఎలీన్‌కి ప్రేమా ఓర్పూ తప్ప మరో గుణం పెద్దగా ఇవ్వలేదు. నేను నీ మొగుణ్ణి కాను, వేరేవాణ్ణి అనే మనిషితో ఐదేళ్ళు కాపరం ఎలా చేసిందో, బావి దగ్గర అమ్మలక్కలకి ఏం చెప్పుకుందో ఎక్కడా లేదు. రాసిన మోర్గాన్ జెండెల్, పీటర్ అలన్ ఫీల్డ్స్ ఇద్దరూ మగవాళ్ళు మరి. ఆవిడ వైపు నుంచి ఈ కథ రాయాలని నా చెయ్యి దురద పెడుతోంది. రెండోది, ఒక జీవితకాలపు కుటుంబాన్ని పోగొట్టుకున్న మనిషి తరవాతి భాగంలో ఏమీ ఎరగనట్టు డ్యూటీ ఎక్కేస్తాడు. 1993లో ‘లెసన్స్’ అనే భాగంలో గానీ ఆ పిల్లనగ్రోవి మళ్ళీ బయటికి రాదు. అప్పుడు కూడా, మనసుకి దగ్గరైన ఒక శాస్త్రజ్ఞురాలు పక్కనుంటేనే.

1993లోనే ‘ది ఇన్నర్ లైట్’కి హ్యూగో బహుమతి ఇచ్చారు. ఆ పేరు బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ పాటది. ఆ పాటకి వాద్యాలు వాయించినవాళ్ళు మన దేశపు విద్వాంసులే, 1968 జనవరిలో, బొంబాయిలో. ఇక పిల్లనగ్రోవి 2006లో న్యూయార్క్ వేలంలో 48,000 డాలర్లు పలికింది. ఊదితే మాత్రం పలకదట, ఉత్తుత్తి సరుకు. ఎంతకి కొన్నా కొన్నవాళ్ళని నేను తప్పు పట్టను.

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ మావారే అడిగారు, “ఇంతకీ ఎవరా ఎలీన్?” అని. మొత్తం చెప్పాను. పేపరు పక్కన పెట్టి మరీ విన్నారు. ఏమీ అనకుండా లేచి వెళ్ళి, గుమ్మానికి అడ్డంగా వదిలేసిన తన చెప్పులు తీసి స్టాండులో పెట్టొచ్చారు.

సోమవారానికి మళ్ళీ గుమ్మంలోనే ఉన్నాయి.