ఆటలో అందరికీ ఒకే రూలట!

"ఆటే గదా, దాంట్లో కూడా జాతి, వర్గం వెతకాలా?" వీడియో గేముల గురించి నోరు తెరిస్తే ముందుగా వినపడే మాట ఇది. సినిమాల గురించి మాట్లాడినప్పుడూ ఇదే అన్నారు. సినిమాలో కులం ఎక్కడుందని అడిగినవాళ్లకే హీరోల ఇంటిపేర్లు, వాళ్ల తాతల పేర్లతో సహా కంఠతా వచ్చు. కాబట్టి ఈ మాటకు జంకకుండా ఒక ఆటను తీసుకుని చూద్దాం.

ఆ ఆట 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్'. రాక్‌స్టార్ కంపెనీ 2004 అక్టోబరులో విడుదల చేసింది. తయారైంది స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో. మన ఊళ్ల ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి ఒక తరం పిల్లలు దీన్ని ఆడారు. హీరో కార్ల్ జాన్సన్ అనే నల్లజాతి యువకుడు. అందరూ సీజే అంటారు. కాలం 1992. ఊరు లాస్ ఏంజిలిస్‌కు నకలుగా కట్టిన లాస్ శాంటోస్.

అమెరికా నల్లవాళ్ల గొడవ మనకెందుకు అనకండి. 1946లోనే అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకునే దళిత పాంథర్స్ పెట్టుకున్నారు. ఈ చుట్టరికం పాతదే.

ఈ ఆట మీద రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. పిల్లలు చెడిపోతారని పెద్దమనుషులు అంటారు. నల్లవాణ్ణి హీరోను చేసింది కాబట్టి అభ్యుదయమేనని అభిమానులు అంటారు. ఇద్దరూ కథనే చూశారు. ఆటలో కథతో పాటు రూల్సు కూడా ఉంటాయి. ఏం చేస్తే లాభం, ఏం చేస్తే శిక్ష అనేది అవే చెప్తాయి. కథను కళ్లతో చూస్తాం. రూల్సు మాత్రం గంటలకొద్దీ ఆడి ఆడి చేతులకు అలవాటవుతాయి. అందుకే వాటి సంగతి ముందు తేల్చుకోవాలి.

కథను తీసిపారేయలేం. తల్లి చచ్చిపోయిందని తెలిసి సీజే ఐదేళ్ల తర్వాత ఊరికొస్తాడు. ఇల్లు చేరకముందే పోలీసులు టాక్సీ ఆపి, దగ్గరున్న డబ్బు లాక్కుని, చేయని హత్య ఒకటి మెడకు చుడతారు. మనోళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చివర్లో టెన్‌పెన్నీ అనే పోలీసు అధికారి కేసు నుంచి బయటపడితే ఊరు భగ్గుమంటుంది. దీని వెనక నిజమైన చరిత్ర ఉంది. 1991 మార్చి 3న లాస్ ఏంజిలిస్ పోలీసులు రాడ్నీ కింగ్‌ను కొట్టిన దృశ్యం వీడియోకెక్కింది. అయినా 1992 ఏప్రిల్ 29న జ్యూరీ ఆ పోలీసులను దోషులుగా తేల్చలేదు. నగరం తగలబడింది. యాభై మందికి పైగా చనిపోయారు.

ఇక రూల్సు చూడండి. ఆటలో నేరం చేస్తే తెర మీద నక్షత్రాలు వెలుగుతాయి. ఎన్ని వెలిగితే అంత మంది పోలీసులు వెంటపడతారు. నేరం చేయకుండా వీధిలో నడిస్తే ఏ పోలీసూ ఆపడు. కథలో చర్మం చూసి ఆపిన పోలీసు, రూల్సులోకి వచ్చేసరికి చర్మం గుర్తించని ధర్మప్రభువై పోయాడు! బయట మాత్రం కొందరు నక్షత్రంతోనే పుడతారు.

ఇల్లు కొనాలంటే ఆకుపచ్చ ఇంటి బొమ్మ దగ్గర నిలబడి డబ్బు కడితే చాలు. అసలు అమెరికాలో నల్లవాళ్లకు ఇల్లు అమ్మకూడదన్న ఒప్పందాలను 1948 దాకా కోర్టులు అమలు చేశాయి. మన పట్నాల్లో టులెట్ బోర్డు చూసి తలుపు తడితే "మీరేమిట్లు?" అని అడుగుతారు. సీజేను ఎవరూ ఏమీ అడగరు. వాడు జుట్టు, బట్టలు, ఒళ్లు అన్నీ మార్చుకోవచ్చు. చర్మం మారదు గానీ, రూల్సు లెక్కలో ఆ చర్మానికి కట్టాల్సిన వెల కూడా ఏమీ లేదు.

వాడి పేట ఎందుకు అట్లా అయ్యింది? మత్తుమందు, సొంతవాళ్ల ద్రోహం అంటుంది ఆట. లాస్ ఏంజిలిస్ పక్కనున్న సౌత్ గేట్‌లో ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ 1980లో, జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1982లో మూతపడ్డాయి. ఆ ముచ్చట ఇందులో రాదు. టెన్‌పెన్నీ చస్తాడు, కథ కంచికి పోతుంది. ఒక్క చెడ్డ ఇన్‌స్పెక్టర్ని చంపి ఊరిని బాగుచేసే మన సినిమా హీరో కూడా ఇదే బాపతు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను నరికి చంపిన కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలన్నీ 2014లో హైకోర్టు కొట్టేసింది. అక్కడ ఏ ఒక్క విలన్ని చంపితే కథ ముగిసేది?

ఎక్కడ పుట్టినా ఒకే గీత దగ్గర మొదలు, ఒకే రూలు, కష్టపడ్డవాడికి మేడ. ఈ ప్రపంచాన్ని మనం ముందే చూశాం. 1990లో మండల్‌కు వ్యతిరేకంగా రోడ్లెక్కినవాళ్లు 'మెరిట్' అని కలగన్నది దీన్నే. కాలేజీ క్యాంటీన్లలో ఈనాటికీ వినపడే వాదం కూడా ఇదే. ఆట ఆ కలకు బొమ్మ కట్టింది. వివక్షను కథగా చూపించి కన్నీళ్లు పెట్టించి, రూల్సులో అది లేనట్టు నటించింది. 2005లో ఇందులో దాచిన బూతు దృశ్యం బయటపడితే అమెరికా గగ్గోలు పెట్టింది. ఈ బూతు మాత్రం ఎవరికీ కనపడలేదు.

అయితే ఇది ఆడి ఆనందించిన దళిత పిల్లవాణ్ణి తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఊరి నడివీధిలో చెప్పులతో నడిస్తే పంచాయితీ పెట్టే చోట, ఎవరూ ఆపని వీధిలో గంటసేపు తిరగడం చిన్న సుఖం కాదు. ఆ సుఖం గంటకింతని అద్దెకు దొరకడమే అన్యాయం.

మార్చే క్యార్ట్రిడ్జిలతో ఆడే మొదటి యంత్రాన్ని 1976లో తెచ్చిన బృందానికి నాయకుడు జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీరు. చేతకాదన్న మాట అక్కడే అబద్ధమైంది. హాస్టళ్లలో కంప్యూటర్లు చదువుతున్న మన పిల్లలు బొమ్మలో మన ముఖం ఉందా లేదా అన్న దగ్గర ఆగిపోవద్దు. ఈ రూలు రాసిందెవడు, అది ఎవడికి లాభమని నిలదీయాలి. సిలబసునూ, ఇంటర్వ్యూ బోర్డునూ, కోర్టు తీర్పునూ కూడా అదే ప్రశ్న అడగాలి.